బరువు మోసే సైకిలు: పాత మౌంటెన్ బైకును దూరయాత్రకు సిద్ధం చేసిన ఒక కేస్ స్టడీ

సైకిలు, దాని యజమాని, దారి

ఈ కేసులోని సైకిలు 1990ల చివర్లో తయారైన మౌంటెన్ బైకు. 4130 క్రోమోలీ స్టీలు ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, రిమ్మును రెండు పక్కలా పట్టే వి-బ్రేకులు, వెనుక ఎనిమిది వరసల క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి), ముందు 80 మిల్లీమీటర్లు కుంగే సస్పెన్షన్ ఫోర్కు దానికి ఉన్నాయి. యజమాని దాన్ని ఏళ్ల తరబడి నగరంలో నడిపారు. రోడ్డు మీద వేగం కోసం మధ్యలో ఎప్పుడో క్రాంకు (పెడళ్లు తగిలే ముందు భాగం) మార్పించి, 48, 38, 28 పళ్ల చైన్‌రింగులు, అంటే ముందు పళ్ల చక్రాలు, ఉన్నది బిగించుకున్నారు. ఇప్పుడు ఆయన తలపెట్టింది దాదాపు 5,000 కిలోమీటర్ల ఒంటరి యాత్ర. దారిలో మూడొంతులు తారురోడ్డు, మిగిలింది కంకర, మట్టి. మధ్యలో రెండు చోట్ల పెద్ద కొండలు దాటాలి. కొన్ని రాత్రులు గుడారంలో, కొన్ని గదుల్లో గడపాలని ఆయన ఆలోచన.

నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆయన మార్చవలసినవాటి జాబితా ఒకటి రాసుకున్నారు. డిస్క్ బ్రేకులు, రోడ్డు సైకిళ్లకుండే వంపు హ్యాండిల్, హబ్బులోనే గేర్లుండే వెనుక చక్రం, కరెంటు పుట్టించే డైనమో హబ్బు, కొత్త లెదర్ సీటు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచి వస్తువే. అయితే అంతకుముందు చేసిన చిన్న యాత్రలో వెనుక చక్రానికి రెండు స్పోకులు తెగిన సంగతి ఆ జాబితాలో లేదు, మాటల మధ్యలో బయటపడింది. తెగినవి రెండూ మార్పించాను కదా అని ఆయన ఆ విషయం అంతటితో వదిలేశారు. నేను మాత్రం పని అక్కడి నుంచే మొదలుపెట్టాను, ఎందుకంటే డిస్క్ బ్రేకు లేకపోయినా యాత్ర సాగుతుంది గానీ వెనుక చక్రం కూలిపోతే అది ఆ చోటే ఆగిపోతుంది.

ఏ భాగం మార్చాలి, దేనికి ఎక్కువ ఖర్చు పెట్టాలి అన్నది నిర్ణయించడానికి నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఈ భాగం చెడిపోతే మనిషి కదలగలడా, దారిలో దొరికే మామూలు మెకానిక్కు దాన్ని మామూలు పనిముట్లతో బాగుచేయగలడా? మొదటి ప్రశ్నకు కదలలేడని జవాబు వచ్చే భాగాలు చాలా తక్కువ. ఖర్చులో పెద్ద వాటా వాటికే వెళ్లాలి. రెండో ప్రశ్న కొన్ని ఖరీదైన వస్తువులను వాటంతట అవే పక్కన పెట్టేస్తుంది.

తూకంతో మొదలు

బరువు ఎంత, అది ఏ చక్రం మీద పడుతోంది అన్నది తెలియకుండా టూరింగ్ సైకిలుకు ఏ భాగమూ ఎంచకూడదు. ఆయన బరువు 76 కిలోలు, క్యారియర్లతో కలిపి సైకిలు 17 కిలోలు, నీళ్లు, తిండి, గుడారం, బట్టలు, పనిముట్లు కలిపి సామాను 22 కిలోలు. మొత్తం 115 కిలోలు. ఇంట్లో మనుషులు తూగే మామూలు తూకంమిషను ఒక చక్రం కింద, సరిగ్గా దాని ఎత్తుకు సరిపోయే చెక్క రెండో చక్రం కింద పెట్టి, ఆయన్ను సీటు మీద కూర్చోబెట్టి, పక్కన ఒకరు నిటారుగా పట్టుకుని ఉండగా కొలిచాం. సామానంతా వెనుక క్యారియర్ మీదే ఉన్నప్పుడు వెనుక చక్రం మీద 78 కిలోలు, ముందు చక్రం మీద 37 కిలోలు పడ్డాయి. అంటే ముందు చక్రం మోసేదానికి రెట్టింపుకు మించిన భారం వెనుక చక్రం మోస్తోంది. స్పోకులు ఎందుకు తెగాయో, ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఎందుకు తేలిపోతోందని ఆయనకు అనిపించిందో ఆ రెండు అంకెలే చాలావరకు చెప్పేశాయి.

వెనుక చక్రం

చక్రాన్ని స్టాండులో పెట్టి తిప్పితే పెద్దగా బెండు కనిపించలేదు. చాలామంది అక్కడితో తృప్తిపడతారు. కానీ చక్రం సూటిగా ఉండటం వేరు, బిగువుగా ఉండటం వేరు. పక్కపక్కనున్న రెండేసి స్పోకులను వేళ్ల మధ్య నొక్కుతూ చుట్టూ వెళ్లాను. గేర్ల వైపున్నవి కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా ఉన్నాయి. ఎడమవైపున్నవాటిలో చాలావరకు చేతికి వదులుగా ఆడాయి. టైరు, రిమ్ముటేపు తీసి రిమ్మును తుడిచి వెలుతురులో చూస్తే, కుడివైపు స్పోకు రంధ్రాల్లో రెండింటి చుట్టూ వెంట్రుకంత పగుళ్లు నక్షత్రంలా విచ్చుకుని ఉన్నాయి. బ్రేకు కట్ట రాసుకునే అంచు మీద స్కేలు నిలబెడితే మధ్యలో వెలుతురు దూరేంత పల్లం ఉంది. ఆ రిమ్ము పని అయిపోయింది.

ఇక్కడ స్పోకు తెగడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఉన్న అపోహ వల్లే చాలామంది తప్పు భాగానికి డబ్బు పెడతారు. బరువు ఎక్కువై స్పోకు పుటుక్కున తెగడం చాలా అరుదు. సైకిలు నిలబడి ఉన్నప్పుడు భారమంతా నేలను తాకే చోటికి దగ్గరగా ఉన్న కొద్దిపాటి స్పోకుల బిగువును తగ్గిస్తుంది. చక్రం తిరిగేకొద్దీ ప్రతి స్పోకూ అడుగుకు వచ్చినప్పుడు కాస్త సడలి, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. 50-559 కొలత (వెడల్పు 50, రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు) టైరు చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు కాబట్టి, కిలోమీటరుకు దాదాపు 488 సార్లు, 5,000 కిలోమీటర్లలో 24 లక్షల సార్లు ఇలా జరుగుతుంది. మొదట్లోనే బిగువు చాలినంత ఉంటే ఆ సడలింపు అందులో చిన్న భాగమే. బిగువు తక్కువైతే స్పోకు అడుగుకు వచ్చిన ప్రతిసారీ పూర్తిగా వదులై, దాని తల హబ్బు రంధ్రంలో కదిలి, వంపు దగ్గర లోహం అలసిపోతుంది. ఒక స్పోకు ఆ వంపు దగ్గర తెగిందంటే దాని పక్కవి కూడా దాదాపు అంతే అలసి ఉన్నాయని అర్థం చేసుకోవాలి. అందుకే తెగిన రెండింటినీ మార్చడం వల్ల ఆయన చక్రం బాగుపడలేదు.

వెనుక చక్రాన్ని పూర్తిగా కొత్తగా అల్లాను. 32 రంధ్రాల హబ్బు స్థానంలో 36 రంధ్రాలది వేశాను. ఫ్రేము వెనుక కాళ్ల మధ్య ఎడం 135 మిల్లీమీటర్లు కాబట్టి మౌంటెన్ బైకు హబ్బు ఇబ్బంది లేకుండా కూర్చుంది. సీలు బేరింగుల హబ్బు కాకుండా కోను (ఇరుసు మీద గుండ్లను నొక్కి ఉంచే ముక్క), గుండ్లు ఉండే హబ్బునే ఎంచాను. వెనుక హబ్బుకు ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు తొమ్మిది పడతాయి. రెండు సన్నని కోను స్పానర్లు, కాస్త గ్రీజు ఉంటే ఎక్కడైనా విప్పి బిగించుకోవచ్చు. సీలు బేరింగు మార్చాలంటే దాన్ని తోసి దింపే పనిముట్టు, సరైన నంబరు బేరింగు రెండూ దొరకాలి. మరో సంగతి, క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్బులో కుడివైపు బేరింగు ఇరుసు చివరికి దగ్గరగా ఉంటుంది. పళ్ల చక్రాల గుత్తిని మరలతో హబ్బుకు బిగించే పాత ఫ్రీవీలు రకంలో అది బాగా లోపలికి ఉండటం వల్లే బరువు మోసే సైకిళ్లలో ఇరుసులు వంగేవి, విరిగేవి. అలాంటి ఫ్రీవీలు ఉన్న సైకిలును యాత్రకు సిద్ధం చేసేవారు ముందుగా మార్చవలసింది ఆ హబ్బునే.

రిమ్ము రెండు గోడలది, అరుగుదల చూపే గాడి ఉన్నది తీసుకున్నాం. స్పోకులు రెండు చివర్లా 2.0 మిల్లీమీటర్లు, మధ్యలో 1.8 మిల్లీమీటర్లు ఉండే రకం. సన్నని నడుము ఉన్న స్పోకు బలహీనమని అనుకుంటారు గానీ, ఆ నడుము కొంచెం ఎక్కువ సాగుతుంది కాబట్టి అదే బిగువులో త్వరగా వదులవదు, వంపు మీద ఒత్తిడి తగ్గుతుంది. ఒక్కో స్పోకు మూడింటిని దాటేలా అల్లి, స్పోకును రిమ్ముకు బిగించే నిపుల్స్ ఇత్తడివి వాడాను. కుడివైపు బిగువు 110 నుంచి 120 కిలోల మధ్య ఉండేలా చూశాను. క్యాసెట్ కోసం చోటు వదలడంతో చక్రం ఒక పక్కకు ఒదిగి ఉంటుంది కాబట్టి, ఎడమవైపు బిగువు దానంతట అదే సుమారు 60 శాతానికి వస్తుంది. అందుకే ఎడమవైపు స్పోకుల మధ్య తేడా లేకుండా చూడటం కుడివైపు కంటే ముఖ్యం. చివర్లో స్పోకులను జంటలుగా అరచేతులతో గట్టిగా పిండాను. వంపులు హబ్బులో సరిగ్గా కూర్చోవడానికి, తయారీలో మిగిలిన ఒత్తిడి విడిపోవడానికి ఇది అవసరం. మిషను మీద అల్లిన చవక చక్రాలకు జరగనిది తరచుగా ఈ పనే. ఖరీదైన హబ్బు కొనడం కంటే, మామూలు హబ్బుతో ఇలా అల్లించుకోవడానికి కూలీ ఇవ్వడం మేలని నా గట్టి నమ్మకం.

ముందు చక్రం 32 స్పోకులదే ఉంచాను. దానికి రెండు వైపులా బిగువు సమానం, భారం తక్కువ, రిమ్ము అరుగుదల గాడి ఇంకా స్పష్టంగా ఉంది. స్పోకుల బిగువు సరిచేసి, హబ్బు విప్పి కొత్త గ్రీజు పెట్టడంతో సరిపోయింది.

ఫోర్కు, క్యారియర్లు

సస్పెన్షన్ ఫోర్కులో రబ్బరు దిమ్మలు గట్టిపడి కదలిక పోయింది. అది బాగున్నా తీసేసేవాణ్ణే, ఎందుకంటే సామాను కొంత ముందుకు జరపడానికి తగిన బిగింపు రంధ్రాలు దానికి లేవు. కొత్త ఫోర్కు ఎంచేటప్పుడు చూడవలసిన కొలత ఇరుసు నుంచి కిరీటం (ఫోర్కు కాళ్లు పైన కలిసే చోటు) వరకు ఉన్న పొడవు. పాతది ఖాళీగా 445 మిల్లీమీటర్లు, మనిషి కూర్చుంటే కుంగి సుమారు 425. పొడవు 20 మిల్లీమీటర్లు మారితే హెడ్ ట్యూబు (ఫోర్కు కాడ దూరే ఫ్రేము ముందు గొట్టం) కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. పొట్టి ఫోర్కు పెడితే హ్యాండిల్ చిన్న కదలికకే స్పందిస్తుంది, పెడళ్లు నేలకు దగ్గరవుతాయి. అందుకని 420 మిల్లీమీటర్ల గట్టి స్టీలు ఫోర్కు, మధ్యలో క్యారియర్ రంధ్రాలు, కింద మడ్‌గార్డు రంధ్రాలు ఉన్నది తీసుకున్నాం.

వెనుక పాత అల్యూమినియం క్యారియర్ 25 కిలోల వరకు మోయగలదని దాని మీదే ముద్రించి ఉంది. అంకె సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, కంకరదారిలో అది అదురుతూ మోయాలి. దాని స్థానంలో 40 కిలోల సామర్థ్యమున్న స్టీలు గొట్టాల క్యారియర్ వేశాం. స్టీలు విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతికిస్తారు. ఈ ఫ్రేముతో వచ్చిన చిక్కు మరొకటి. మౌంటెన్ బైకు వెనుక కాళ్లు పొట్టివి, ఇక్కడ 425 మిల్లీమీటర్లు. టూరింగ్ కోసమే చేసిన ఫ్రేముల్లో 450 లేదా అంతకు మించి ఉంటుంది. తొక్కేటప్పుడు మడమ సంచికి తగులుతుంది. సంచులను వెనక్కి జరిపితే మడమకు చోటు దొరుకుతుంది గానీ, బరువు ఇరుసు దాటి వెనక్కి పోయి ముందు చక్రం ఇంకా తేలిపోతుంది. కొక్కేలను జరిపి, మడమ దాటేంత మాత్రమే ఎడమిచ్చి, బరువైన సామాను ముందు చక్రానికి ఇరుపక్కలా ఇరుసు ఎత్తులో వేలాడే చిన్న సంచుల్లోకి మార్చాం. వెనుక 12 కిలోలు, ముందు సంచుల్లో 8, హ్యాండిల్ సంచిలో 2. మళ్లీ తూచితే ముందు 48, వెనుక 67 కిలోలు. ఒక్క భాగం కూడా తేలిక చేయకుండా వెనుక చక్రం మీద 11 కిలోలు తగ్గాయి.

క్యారియర్ బోల్టులన్నీ 5 మిల్లీమీటర్లవి. ప్రతి దానికీ మరలు వదులు కాకుండా పట్టి ఉంచే నీలిరంగు జిగురు వేసి, వీలున్న చోట వెనుక నుంచి నైలాన్ నట్టు కూడా బిగించాను. మడ్‌గార్డునూ క్యారియర్‌నూ ఒకే బోల్టుకు తగిలించకూడదు. ఆ బోల్టు పొడవై, వంగడానికి వీలు పెరుగుతుంది.

గేర్లు

క్రాంకు 48-38-28, క్యాసెట్ 11 నుంచి 28. అతి చిన్న గేరు 28కి 28, అంటే పెడలు ఒక్క చుట్టుకు చక్రమూ ఒక్క చుట్టే, 2.05 మీటర్ల ముందడుగు. అది చాలదని చెప్పడానికి అనుభవం అక్కర్లేదు, లెక్క చాలు. 115 కిలోల బరువును 8 శాతం ఎత్తు మీదికి లాగడానికి గురుత్వ బలం సుమారు 90 న్యూటన్లు, టైర్ల దొర్లుడు నిరోధం మరో 9 వరకు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే ఆ గేరులో వేగం గంటకు 7.4 కిలోమీటర్లు, కావలసిన శక్తి 200 వాట్లకు కాస్త పైన. బాగా సాధన చేసిన వారు తప్ప దాన్ని గంటల తరబడి ఇవ్వలేరు. ఇవ్వలేనప్పుడు చుట్లు తగ్గుతాయి, మోకాళ్ల మీద బలం పెరుగుతుంది. యాత్ర ఆపేసినవారి నుంచి నేను తరచుగా విన్న కారణం మోకాళ్ల నొప్పి.

క్రాంకు 44-32-22కు, క్యాసెట్ 11 నుంచి 34కు మార్చాం. అతి చిన్న గేరులో చుట్టుకు 1.33 మీటర్లు, అదే 60 చుట్లకు గంటకు 4.8 కిలోమీటర్లు, సుమారు 130 వాట్లు. నడక వేగమే, కానీ రోజంతా సాగుతుంది. పై గేరు 44కు 11లో 80 చుట్లు తొక్కితే గంటకు 39 కిలోమీటర్లు దాటుతుంది. సామానుతో అంతకంటే వేగంగా తొక్కవలసిన అవసరం రాదు, దిగుడులో తొక్కకుండానే వస్తుంది. 48 పళ్ల రింగు వదులుకోవడానికి ఆయన కొంత బాధపడ్డారు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

ఈ మార్పుతో, చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే వెనుక డిరైలర్ కూడా మారవలసి వచ్చింది. అది సర్దుకోవలసిన చైన్ వదులు ముందు రింగుల తేడా, వెనుక పళ్ల తేడా కలిపితే వస్తుంది: 22, 23 కలిపి 45. పాత డిరైలర్ అంత సర్దలేదు, 34 పళ్ల చక్రం మీదికి ఎక్కనూ లేదు. పొడవు చేయి ఉన్న, 45 పళ్ల సామర్థ్యం గల మౌంటెన్ బైకు డిరైలర్ వేశాం. తొమ్మిది వరసల కోసం చేసిన షిమానో మౌంటెన్ బైకు డిరైలర్ ఎనిమిది వరసల షిఫ్టరుతో (గేరు మార్చే మీటతో) చక్కగా నడుస్తుంది. పది వరసల మౌంటెన్ బైకు డిరైలర్‌తో అలా కుదరదు, కేబులు లాగే నిష్పత్తి మారిపోయింది. వరసలు పెంచమని కొందరు సలహా ఇచ్చినా, ఎనిమిదే ఉంచాను. ఆ చైన్ వెడల్పుగా ఉంటుంది, సర్దుబాటులో కొద్ది తేడాను సహిస్తుంది, చిన్న ఊళ్లలో కూడా దొరికే అవకాశం ఎక్కువ. చైన్ పొడవును ముందు పెద్ద రింగు, వెనుక పెద్ద చక్రం మీదుగా డిరైలర్ లేకుండా చుట్టి, దానికి ఒక అంగుళం కలిపి తెంచాను. పొరపాటున ఆ రెండింటి మీదికి చైన్ వెళ్లినా డిరైలర్ ఊడిపోకూడదు.

హబ్బులోనే గేర్లుండే చక్రం సంగతి. 1998లో మార్కెట్లోకి వచ్చిన రోలాఫ్ 14 వేగాల హబ్బు నిజంగా గొప్ప వస్తువు. అన్నీ నూనెలో మునిగి, దుమ్ముకు అందకుండా ఉంటాయి, 5,000 కిలోమీటర్లకొకసారి నూనె మారిస్తే చాలు. అయితే దాని గేర్ల పరిధి, అంటే అతి చిన్న గేరుతో పోలిస్తే అతి పెద్దది, 526 శాతం, మనం పైన కట్టిన గేర్ల పరిధి 618 శాతం. లోపల ఏదైనా చెడితే దారిలో ఎవరూ విప్పలేరు, హబ్బును తయారీదారు దగ్గరికో అధీకృత కేంద్రానికో పంపాలి. బురద, ఇసుక దారుల్లో ఏడాదికి మించి తిరిగేవారికి నేనే దాన్ని సిఫారసు చేస్తాను. ఈ యాత్రకు, ఈ ఖర్చుకు అది తగదు. ఈ ఫ్రేము డిరైలర్ తగిలే చెవి కూడా స్టీలుదే, వంగితే జాగ్రత్తగా తిరిగి వంచవచ్చు. అల్యూమినియం ఫ్రేము అయితే ఆ చెవి అదనంగా ఒకటి వెంట ఉండి తీరాలి.

బ్రేకులు

డిస్క్ బ్రేకు గురించి ఆయన పట్టుబట్టారు. ఈ ఫ్రేముకు ఆ బిగింపు లేదు. వెల్డింగు చేయించి పెట్టవచ్చు, కానీ డిస్క్ బ్రేకు బలం కోసం చేయని సన్నని వెనుక కాళ్ల మీద ఆ పని నేను చేయను. ముందు ఒక్కదానికి డిస్క్ ఫోర్కు వేసుకుంటే కొత్త హబ్బుతో ముందు చక్రం మొత్తం మారాలి. "దిగుడులో ఆగకపోతే ఎలాగండీ?" అన్నది ఆయన భయం. న్యాయమైన భయమే. 115 కిలోలు 500 మీటర్ల ఎత్తు దిగితే 564 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఖర్చు కావాలి. గాలి, టైర్లు తినగా మిగిలింది బ్రేకులకే. రిమ్ము బ్రేకు అయితే ఆ వేడి ట్యూబు పక్కనే పుడుతుంది.

అందుకే ఆ వేడి పేరుకోకుండా చేశాం. బరువు ముందుకు జరగడంతో ఎక్కువ పట్టు ఉండే ముందు బ్రేకు ఇంకా బాగా పనిచేస్తోంది. రెండు బ్రేకులకూ తడిలో పట్టు నిలిచే, రబ్బరు మాత్రమే మార్చుకోగలిగే కట్టలు వేశాను. లోపలి తీగలు స్టెయిన్‌లెస్‌వి, బయటి కేబులు కొత్తది. దిగేటప్పుడు బ్రేకును సన్నగా పట్టి ఉంచకుండా, వేగం పెరగనిచ్చి, నిటారుగా కూర్చుని గాలికి ఎదురొడ్డి, ఒక్కసారి గట్టిగా తగ్గించి వదలమని, పొడవైన దిగుడులో మధ్యలో ఆగి రిమ్మును ముట్టి చూడమని నేర్పించాను. నీటి చుక్క పడితే చిటపటమంటే చల్లారేదాకా ఆగాలి.

కూర్చునేది, పట్టుకునేది

వంపు హ్యాండిల్ ఈ ఫ్రేముకు పొసగదు. మౌంటెన్ బైకు పై గొట్టం పొడవు, నిటారు హ్యాండిల్ కోసం లెక్కించినది. దానికి వంపు హ్యాండిల్ పెడితే చేతులు ఇంకా ముందుకు సాగి నడుము, మెడ లాగుతాయి. పైగా మామూలు రోడ్డు లివర్లు వి-బ్రేకు కోరినంత కేబులు లాగలేవు, వాటికోసమే చేసిన లివర్లు వేరే కొనాలి. ఆయనకు నిజంగా కావలసింది చేతులు మార్చి పట్టుకునే వీలు. సీతాకోకచిలుక ఆకారపు ట్రెక్కింగ్ హ్యాండిల్ ఆ వీలు ఇస్తుంది, గొట్టం 22.2 మిల్లీమీటర్లే కాబట్టి ఉన్న లివర్లూ షిఫ్టర్లూ దానికే ఎక్కాయి. హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే స్టెమ్ 20 మిల్లీమీటర్లు పొట్టిది వేశాం.

సీటు మార్చవద్దన్నాను. ఏళ్లుగా కూర్చుని ఏ ఇబ్బందీ లేని సీటును యాత్రకు ముందు మార్చడం కంటే అనవసరమైన సాహసం లేదు. లెదర్ సీటు శరీరానికి అలవాటు పడటానికి సమయం తీసుకుంటుంది, వానలో దానికి కవరు వేయాలి. ఆసక్తి ఉంటే తిరిగొచ్చాక మొదలుపెట్టమన్నాను.

టైర్లు, కరెంటు

టైర్లు 50 మిల్లీమీటర్ల వెడల్పు, అడుగున పంచరు ఆపే మందపాటి పొర ఉన్నవి; వెనుక 50, ముందు 40 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, దారిని బట్టి తగ్గించుకోమన్నాను. 26 అంగుళాల టైరు ఎక్కడైనా దొరుకుతుందని పాత యాత్రికులు చెప్పేవారు. కొత్త మౌంటెన్ బైకులు 584, 622 మిల్లీమీటర్ల రిమ్ములకు మారిపోయాక ఆ భరోసా తగ్గింది, అందుకని మడిచే టైరు ఒకటి వెంట ఉండాలి. రిమ్ముకు మోటారుసైకిలు ట్యూబులకుండే లావు వాల్వు పట్టే రంధ్రం ఎంచాను. దానిలో సన్నని వాల్వు ట్యూబు కూడా ఒక చిన్న గొట్టం తొడుగుతో పనిచేస్తుంది, తిరగేస్తే కుదరదు.

డైనమో హబ్బు 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తుంది. ఫోను ఛార్జింగుకు చాలినంత కరెంటు గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగం దాటాకే వస్తుంది. ఎత్తుల మీద 5 కిలోమీటర్ల వేగంతో ఏమీ రాదు. ఈ దారిలో మూడు రోజులకు మించి కరెంటు లేని చోటు లేదు. 20,000 మిల్లీయాంపియర్ అవర్ల పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు, నష్టాలు పోగా ఫోనును మూడుసార్లు నింపుతుంది. అది చాలు.

సామానుతో పరీక్ష, యాత్ర, తిరిగి వచ్చాక

బయలుదేరే ముందు పూర్తి సామానుతో రెండు రోజులు, ఒక కంకర దిగుడు కలుపుకుని నడిపి రమ్మన్నాను. ఖాళీ సైకిలు మీద చేసే పరీక్ష దేనికీ పనికిరాదు. వేగంగా దిగేటప్పుడు హ్యాండిల్ సన్నగా వణికిందని ఆయన చెప్పారు. ముందు సంచులు తూచి చూస్తే కుడిది ఎడమదానికంటే కిలోన్నర బరువు. సమం చేశాక వణుకు పోయింది. ఆ తర్వాత స్పోకుల బిగువు మళ్లీ చూసి నాలుగింటిని పావు చుట్టు బిగించాను, సాగిన గేరు కేబులు సరిచేశాను. ఆ పైన బయలుదేరేదాకా సైకిలులో ఏ కొత్త భాగమూ వేయనివ్వలేదు.

విడిభాగాల సంచిలో మూడు రకాల పొడవుల స్పోకులు మూడేసి, క్యాసెట్ విప్పకుండా తాత్కాలికంగా కట్టుకునే కెవ్లార్ తాడు స్పోకు, క్యాసెట్ తాళం విప్పే చిన్న పనిముట్టు, చైన్ లింకులు, బ్రేకు రబ్బర్లు, గేరు కేబులు ఒకటి, 5 మిల్లీమీటర్ల బోల్టులు గుప్పెడు పెట్టించాను. ఒక కేబులు సరిపోతుందా అని ఆయన అడిగారు, రెండు తీసుకోమన్నాను. చివరికి రెండూ వాడారు. షిఫ్టరు లోపల తల దగ్గర పోగులు విడి తెగినప్పుడు మొదటిది, దారిలో ఒక మెకానిక్కు దాని చివర పొట్టిగా కత్తిరించడంతో రెండోది.

తిరిగి వచ్చాక సైకిలు పూర్తిగా విప్పి చూశాను. వెనుక చక్రంలో ఒక్క స్పోకు తెగలేదు, పక్కకు ఊగడం అర మిల్లీమీటరు లోపే, రిమ్ము రంధ్రాల దగ్గర పగుళ్లు లేవు. చైన్ సాగుదల 0.75 శాతం దాటినట్టు గేజీ చూపడంతో ఆయన మధ్యలో ఒకసారి మార్చుకున్నారు, అందుకే క్యాసెట్ ఇంకా పనిచేస్తోంది. వెనుక టైరు మధ్య గాళ్లు అరిగి నునుపెక్కాయి, ముందుది సగమే అరిగింది. ముందు క్యారియర్ కింది బోల్టు ఒకటి దారిలో రాలిపోయింది, అది నైలాన్ నట్టు పెట్టడానికి చోటు లేని రంధ్రం. దానికి ఇప్పుడు మరలున్న పొడవైన బోల్టు వెనుక నుంచి ఎక్కించి, ముందువైపు నట్టు బిగించాను.

నేను అనుకోనిది ముందు రిమ్ము అరుగుదల. వానలో నానిన కంకర దిగుళ్ల మీద బ్రేకు కట్టల్లో ఇసుక రేణువులు, అల్యూమినియం ముక్కలు గుచ్చుకుని రిమ్మును గీరాయి. బయలుదేరినప్పుడు లోతుగా ఉన్న గాడి ఇప్పుడు కొన్ని చోట్ల కనిపించడం లేదు. బ్రేకు భారం ఎక్కువ మోసేది ముందు చక్రమే కాబట్టి, రాబోయే యాత్రకు ముందు ఆ చక్రాన్ని కూడా 36 స్పోకులతో, మందమైన అంచు గల రిమ్ముతో కొత్తగా అల్లాలని నిర్ణయించాం. బ్రేకు కట్టలను వారానికొకసారి విప్పి, గుచ్చుకున్న ముక్కలను సూదిమొన పనిముట్టుతో తీసి, గరుకు కాగితంతో రుద్దే పనిని ఆయన తన జాబితాలో మొదటి వరసలో రాసుకున్నారు.